నడవా

ఇస్ఫంద్ నెల ఆఖరి వారం.
రష్త్‌లో వాన గంటసేపు తెరిపిచ్చింది,
ఆ గంటలోనే వీధి వీధంతా తివాచీలు కడిగేసుకోవాలి.
కొత్త సంవత్సరం ముందు ఇల్లు ఊడవడం అనరు మా వాళ్లు,
ఇల్లు దులపడం అంటారు.
దుప్పటిని నాలుగు కొసలా పట్టుకుని విదిలించినట్టు
గోడల్నీ కప్పునీ పట్టుకుని విదిలించాలన్నమాట.

పదకొండేళ్లుగా నేను విదిలించింది వంటిల్లూ పడగ్గదే.
నడవా జోలికి పోలేదు.

నడవాలో నా కొట్టు ఉంది.
కొట్టంటే, మూసేశాక మిగిలింది:
సంచుల్లో గుడ్డపీలికలు, పళ్లూడిన జిప్పులు,
ఖర్జూరం డబ్బాల నిండా గుండీలు,
చేతుల్లేని ఒక ఆడబొమ్మ,
గోడవైపు మొహం తిప్పి నిలబెట్టిన బోర్డు.
దాని మీద 'తూబా కుట్టుపని' అని ఉందని
గోడకీ నాకూ మాత్రమే తెలుసు.

వాటిని దాటాలంటే
భుజం ముందుకి, పొట్ట లోపలికి,
ఎండ్రకాయలా అడ్డంగా నాలుగడుగులు.
చేతిలో వేడి టీ ఉన్నా అంతే, ఒళ్లు కాలిపోతున్నా అంతే.
తీసేయరాదా అని ఎవరన్నా అంటే
"ఉండనీ, తిండి అడుగుతోందా" అనేదాన్ని.
అడిగేది.
తిండి కాదు.
దాటిన ప్రతిసారీ "ఎందుకిలా అయింది?" అని అడిగేది.

ఈసారి మేనకోడలు గెలారె వచ్చింది సాయానికి.
పందొమ్మిదేళ్ల పిల్ల, దేనికీ జాలిపడదు.
"ఇదెవరిది? ఇదెవరిది?" అంటూ
సంచులు బోర్లించేసింది.
అడుగున ఒక ఉన్ని కోటు, ముదురాకుపచ్చ.
ఎడమ చెయ్యి ఇంకా తెల్లదారం టాకాల మీదే వేలాడుతోంది.
తపాలా ఆఫీసు మొహ్తషమీ గారిది, బయానా కూడా ఇచ్చాడు.
ఆయన మళ్లీ రాలేదో,
వచ్చి తాళం చూసి వెళ్లిపోయాడో.
ఎన్ని రాత్రులు
ఆ చెయ్యి నా గొంతు మీద పడి నిద్ర లేపిందో
గెలారెకి చెప్పలేదు.

అది అప్పటికే కోటు తొడిగేసుకుని
అద్దంలో తనకి తనే సలాం కొడుతోంది.
"నాకిచ్చెయ్ అత్తా."
సూది తీశాను.
కళ్లజోడు తుడిచాను.
నలభై నిమిషాలు పట్టింది.
పదకొండేళ్ల అప్పు, నలభై నిమిషాల పని!
దారం కొరికి తెంపాక
ఎవరో నా వీపు మీంచి దిగి
చెప్పులేసుకుని వెళ్లిపోయినట్టనిపించింది.

కొలతల పుస్తకం కూడా దొరికింది.
పేటలో ఎవరి నడుమెంతో, ఎవరి భుజం ఏ పక్కకి జారిందో అన్నీ నా రాతలో.
సగంమంది ఊళ్లో లేరు, మిగతావాళ్లు ఆ కొలతల్లో లేరు.
మంగళవారం రాత్రి సందులో పిల్లలు మంటలు దూకుతుంటే
నా మోకాళ్లు ఒప్పుకోక
నా బదులు పుస్తకం దూకింది.

పొద్దున్నే పాతసామాన్ల బండి అరుచుకుంటూ వచ్చింది.
పూర్వం పాతవాటికి ఉప్పు ఇచ్చేవారట,
ఇతను డబ్బుతో పాటు సరదాకి ఉప్పు పొట్లం కూడా ఇచ్చాడు.
బొమ్మని మాత్రం వెనకాల పడేయలేదు,
ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.
మలుపు తిరిగేదాకా చూశాను.
ఏడుస్తాననుకున్నాను గానీ
ఆకలేసింది.

బోర్డు ఇవ్వలేదు.
తిప్పి చూస్తే నీలం రంగు చెక్కుచెదరలేదు,
గోడ దాన్ని ఎండ సోకకుండా దాచింది పాపం.
బాల్కనీలో రెండిటుకల మీద పడుకోబెట్టి
మొలకెత్తిన గోధుమల పళ్లెం దాని మీద పెట్టాను,
సరిగ్గా నా పేరు పక్కన.

ఆ రాత్రి దాహమేసి లేచాను.
చీకట్లో నడవా.
భుజం ముందుకి, పొట్ట లోపలికి,
రెండడుగులు అడ్డంగా వేశాక గుర్తొచ్చింది.
ఒంటికి ఇంకా కబురందలేదు.
నవ్వొచ్చింది, గట్టిగానే.
చేతులు రెండూ చాపి చూశాను, ఎంత చోటో!
వెనక్కెళ్లి మళ్లీ మొదటినుంచి,
మామూలు మనిషిలా నడుచుకుంటూ వచ్చాను.
నీళ్లు తాగడానికి కాదు, ఊరికే.

సింకు కింద మూతల్లేని సీసాలు ఒక పాతిక ఉన్నాయి.
వచ్చే ఏడు చూద్దాం.